ఆ వెడల్పాటి బే ఎవరిది?

రెడింగ్ నుంచి ఒక పాఠకురాలు పొడుగాటి ఉత్తరం రాశారు. గుంటూరు అమ్మాయి, పెళ్లయ్యాక ఇంగ్లండ్ వచ్చారు. పెద్దపాపకి 4 ఏళ్లు, బాబుకి 7 నెలలు, అత్తగారు విజిటర్ వీసా మీద వచ్చి వీళ్ల దగ్గరే ఉన్నారు. ఉత్తరంలో గొడవలు మూడు, మూడూ మొదలైంది ఒకేచోట, సూపర్‌మార్కెట్ ముందు పార్కింగ్‌లో. ఇంగ్లండ్ సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: అక్కడి పెద్ద సూపర్‌మార్కెట్లలో గుమ్మానికి దగ్గరగా, దివ్యాంగుల బేల (బే అంటే ఒక కారు పట్టేలా గీత గీసిన చోటు) పక్కనే, పిల్లలతో వచ్చేవాళ్ల కోసం బొమ్మ గీసి కొన్ని బేలు వదిలిపెడతారు. 'పేరెంట్ అండ్ చైల్డ్' బేలు అంటారు. మామూలు వాటికంటే వెడల్పుగా ఉంటాయి.

ఒక శనివారం, జోరున వాన. ఆ బేలన్నీ నిండిపోయాయి, ఒకదాంట్లో మాత్రం ఒకాయన ఒక్కడే కూర్చుని ఫోన్ మాట్లాడుకుంటున్నాడు. ఈవిడ మామూలు బేలో కారు పెట్టి లోపలికి వెళ్లి, సామాన్లతో తిరిగొచ్చేసరికి పక్కన ఇంకో కారు ఎంత ఆనించి పెట్టారంటే, వెనక తలుపు జానెడు కూడా తెరుచుకోలేదు. అత్తగారు వానలో బాబు క్యారియర్ సీటు పట్టుకుని, పెద్దపాప చెయ్యి పట్టుకుని నిలబడితే, ఈవిడ అవతలి వైపు నుంచి ఎక్కి, గేరు మీదుగా పాకి, డ్రైవర్ సీట్లోకి వచ్చి, కారు దారిలోకి తీసి, వెనక రెండు కార్లు హారన్ కొడుతుంటే బాబుని బిగించారు. ఒళ్లు మండి ఆ ఫోన్ మాట్లాడే ఆయన దగ్గరికెళ్లి అడిగితే అద్దం పైకెత్తేశాడు. నంబరు కనిపించేలా ఫొటో తీసి లోకల్ ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి ఒకావిడ కింద రాసింది: "అతను నా భర్త, నేను పసిపిల్లతో లోపల ఉన్నాను." ఆ తర్వాత కామెంట్ల వాన. 'మీ దేశం పొమ్మన్న'వాళ్లు కూడా ఉన్నారట.

రెండోది అదే షాపులో. తెలుగు అసోసియేషన్‌లో పరిచయం ఉన్న ఒకావిడ ఆ బేలోంచే దిగింది, వెంట 9 ఏళ్ల కొడుకు. మన పాఠకురాలు నవ్వుతూనే, "ఇంత పెద్దబాబుకి ఇదెందుకండీ?" అనేశారు. ఆవిడ మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఇప్పుడు ఫోన్లు ఎత్తడం లేదు, సంక్రాంతి కలయికలో పలకరించలేదు, వాట్సాప్‌లో ఏవో గుసగుసలు.

మూడోది పోస్టులో వచ్చింది. కారు ఈవిడ పేరు మీద ఉంది. పార్కింగ్ కంపెనీ నుంచి 100 పౌండ్ల నోటీసు, పిల్లలు లేకుండా ఆ బేలో కారు పెట్టినందుకు. చూస్తే ఆ సాయంత్రం పాలకని వెళ్లింది భర్తగారు. అడిగితే, "వెనక చైల్డ్ సీటు ఉందిగా, అయిదు నిమిషాల పని, అయినా ఇవి ఎవడూ కట్టడు, చెత్తబుట్టలో పడెయ్" అన్నారట. అత్తగారేమో, "వాడిమీద అరవకు, ఊరు కాని ఊళ్లో మనకెందుకు గొడవలు, మేం ఒళ్లో కూర్చోబెట్టుకుని పెంచలేదా" అన్నారు. చివర్లో పాఠకురాలి ప్రశ్న: "అక్కా, నేను అడిగేదాంట్లో తప్పేముంది? ఎవరూ లెక్కచెయ్యనప్పుడు ఆ బొమ్మలెందుకు గీసినట్టు?"

అమ్మా, మీరు అడిగేదాంట్లో తప్పేమీ లేదు. వానలో 7 నెలల పిల్లాడిని బయట నిలబెట్టి కారు తియ్యాల్సి వచ్చిన మనిషికి కోపం రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. కానీ ఒకే కోపాన్ని ముగ్గురి మీదా చూపించారు. ముగ్గురిలో ఒకరు మీ అంచనాకి అందని మనిషి, ఒకరు తప్పే చెయ్యలేదు, మూడో ఆయన నిజంగా తప్పుచేసి హాయిగా ఇంట్లో కూర్చున్నారు. అందుకని విడివిడిగా మాట్లాడుకుందాం.

ముందు ఆ బే సంగతి. అది చట్టం ఇచ్చిన హక్కు అనుకుంటున్నట్టున్నారు, కాదమ్మా. దివ్యాంగుల బేల వెనక 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్ ఉంది, వాళ్లకి తగిన ఏర్పాట్లు చెయ్యాల్సిన బాధ్యత షాపుదే. పిల్లల బేలకి అలాంటి చట్టమేదీ లేదు. షాపువాళ్లు తమ సొంత స్థలంలో, మీలాంటి కస్టమర్లు వాళ్ల దగ్గరికే రావాలని ఇచ్చిన వసతి అది. ఎన్ని పెట్టాలి, ఎన్నేళ్ల పిల్లల వరకు ఒప్పుకోవాలి అన్నది వాళ్ల ఇష్టం, ఒక్కో షాపులో ఒక్కోలా ఉంటుంది, చాలాచోట్ల 12 ఏళ్ల లోపు అని పెడతారు. అందులో ఎవరో తప్పుగా కారు పెట్టారని పోలీసులు రారు. అంటే అందరూ వాడేసుకోవచ్చని కాదు, దాన్ని కాపలా కాసే పని మీ నెత్తిన లేదని.

ఇక మీకు నిజంగా కావలసింది ఆ బొమ్మ గీసిన చోటా, తలుపు పూర్తిగా తెరుచుకునే చోటా? అక్కడ మామూలు బే వెడల్పు దాదాపు 2.4 మీటర్లు. ఇప్పటి పెద్ద ఎస్‌యూవీలు అద్దాలు కలుపుకుంటే 2 మీటర్లు దాటతాయి, అలాంటివి రెండు పక్కపక్కన ఆగితే మధ్యలో పెద్దమనిషి ఒక పక్కకి ఒదిగి దూరగలడేమో గానీ, క్యారియర్ సీటు పట్టుకుని వంగి, బెల్టు తిప్పి, టక్కుమని లాక్ పడిందో లేదో చూసుకోవడం కుదరదు. మీ బాబు సీటు వెనక్కి తిరిగి ఉండే రకం, దానికి ఇంకా చోటు కావాలి. మీ అత్తగారికి ఈ బాధ అర్థం కాకపోవడం సహజం, ఆవిడ కాలంలో పిల్లలు అమ్మ ఒళ్లో కూర్చునేవాళ్లు, తలుపు సగం తెరిస్తే చాలు. అక్కడ 12 ఏళ్లో 135 సెంటీమీటర్ల ఎత్తో, ఏది ముందు వస్తే అప్పటిదాకా సీటు ఉండి తీరాలి, లేకపోతే 500 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చని ఆవిడకి చెప్పండి. 'కోడలు చాదస్తం' అనుకోవడం మానేస్తారు.

కావలసింది వెడల్పే అయితే ఆ పార్కింగ్‌లో మీకు పనికొచ్చే చోట్లు ఇంకా ఉన్నాయి. ట్రాలీలు పెట్టే షెడ్డు పక్క బే చూడండి, ఒకవైపు కారు వచ్చే ప్రసక్తే లేదు, పైగా ట్రాలీ వెనక్కి పెట్టడానికి బాబుని వదిలి దూరం పోనక్కర్లేదు. వరస చివరి బే, గడ్డి అంచు పక్కనున్న బే, ఇవన్నీ అంతే. కారు ఎటువైపు పెట్టాలంటే, బాబు సీటు ఉన్న తలుపు ఖాళీ వైపుకి రావాలి, అందుకోసం ఒక్కోసారి రివర్స్‌లో పెట్టాల్సి వస్తుంది, అప్పుడు డిక్కీలో సామాన్లు పెట్టుకోవడం కాస్త ఇబ్బంది. గుమ్మానికి దూరం అవుతుంది, వానలో తడుస్తారు, కాదనను. నాకైతే తడిసినా సరే గేరు మీదుగా పాకే బాధ ఉండదనిపిస్తుంది.

ఒకవేళ మళ్లీ అలాగే ఇరుక్కుపోతే, అత్తగారు ఊరెళ్లాక ఒక్కరే ఉన్నప్పుడు, పిల్లాడిని ట్రాలీలో దారి మధ్య వదిలి కారు తియ్యకండి, ఎంత కోపంగా ఉన్నా సరే. తిరిగి లోపలికెళ్లి కస్టమర్ సర్వీస్ డెస్క్‌లో పక్క కారు నంబరు చెప్పండి, మైకులో పిలుస్తారు, లేదా ఒకర్ని మీతో పంపుతారు. కొంచెం మొహమాటం అనిపిస్తుంది, మన వాళ్లకి డెస్క్ దగ్గరికెళ్లి సాయం అడగడమంటే ఏదో తప్పుచేసినట్టు ఉంటుంది గానీ, వాళ్లు కూర్చున్నదే దానికోసం.

ఇప్పుడు ఆ ఫోన్ మాట్లాడే ఆయన. భార్య పసిపిల్లతో లోపలికెళ్లింది, ఆయన కారులో ఉండిపోయాడు. పిల్లని దించుకోవడానికీ ఎక్కించుకోవడానికీ ఆ బే వాళ్లకి కావాలి, మధ్యలో ఆ అరగంట మాత్రం ఆయన కారుని పక్కకి తీసి, భార్య ఫోన్ చేశాక తిరిగి రావచ్చు. నేనైతే అలా చేస్తే బాగుండేదంటాను. కానీ అది మర్యాదకి సంబంధించిన విషయం. మీరు వెళ్లి అడిగినప్పుడు ఆయనకి మీ బాబు కనబడలేదు, మీ కోపం కనబడింది. "సార్, లోపల మీ పిల్లలున్నారా? నాకు తలుపు తియ్యడం కుదరట్లేదు, ఒక్క అయిదు నిమిషాలు జరుపుతారా?" అంటే జరిపేవాడో లేదో మనకి తెలియదు, మనిషిని బట్టి ఉంటుంది. జరపకపోతే అక్కడితో ఆపేసి డెస్క్‌లో చెప్పడం ఒక దారి. స్టాఫ్ కూడా తిట్లు తినీ తినీ విసిగిపోయి ఉంటారు, ప్రతిసారీ బయటికొస్తారని ఆశపెట్టుకోకండి. ఇంకో దారి షాపు మేనేజర్‌కి ఈమెయిల్ రాయడం, ఫలానా రోజు ఫలానా టైంలో అని. ఆ రోజుకి మీకేమీ ఒరగదు, కానీ ఇలాంటివి నాలుగు చేరితే గస్తీ పెంచడమో, బేలు గుమ్మానికి దూరంగా మార్చడమో చేస్తారు. దూరంగా మారిస్తే బద్ధకంతో వాటిలో కారు పెట్టేవాళ్లు తగ్గుతారు, అసలు ఆ బేలన్నీ అలాగే పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఫేస్‌బుక్ ఫొటో మాత్రం తీసెయ్యండమ్మా. ఇప్పటికే తీసేస్తే సరే. కింద ఒక్క ముక్క రాయండి, "మీ బిడ్డ లోపల ఉందని తెలియక పెట్టాను, క్షమించండి" అని, అంతే, సంజాయిషీలు వద్దు. మీ దేశం పొమ్మన్న వాళ్లకి జవాబు ఇవ్వకండి, స్క్రీన్‌షాట్ తీసుకుని అడ్మిన్‌కి పంపండి, బెదిరింపులాంటిది ఉంటే 101కి ఫోన్ చేసి పోలీసులకి చెప్పండి. పార్కింగ్ గొడవలో మీది పొరపాటైనా, ఆ మాటలు అనే హక్కు ఎవరికీ రాదు, ఆ రెండూ ఒకటి చేసి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ఆ తెలుగు ఆవిడ విషయానికి వస్తే నాకు మనసు ఇంకొంచెం బరువుగా ఉంది. షాపు బోర్డు ప్రకారం 9 ఏళ్ల పిల్లాడికి ఆ బే చెల్లొచ్చు, వెళ్లి బోర్డు చదవండి. అది ఒకటి. రెండోది, ఆవిడ ఏమీ అనకుండా వెళ్లిపోయింది చూశారూ, నేను అక్కడ ఆగిపోయాను. బోర్డు చూపించి "మీకేం పని" అనగలిగిన మనిషి ఏమీ అనలేదంటే, చెప్పుకోవడం ఇష్టంలేని కారణం ఏదైనా ఉండి ఉండొచ్చు. ఆ బాబుకి ఏదో ఉందని నేను అనడం లేదు, నాకూ తెలియదు, మీకూ తెలియదు. కానీ ఆటిజం ఉన్న పిల్లలు కార్ల మధ్యలోంచి ఒక్కసారిగా చెయ్యి విడిపించుకుని పరిగెత్తడం, హారన్ శబ్దానికి అక్కడే కూలబడిపోవడం ఆ తల్లులకి బాగా తెలిసిన సంగతి. చూడ్డానికి పిల్లాడు మామూలుగానే ఉంటాడు. ఇంగ్లండ్‌లో 2019 ఆగస్టు నుంచి కంటికి కనబడని ఇలాంటి ఇబ్బందులకి కూడా బ్లూ బ్యాడ్జ్ (దివ్యాంగుల బేలో కారు పెట్టుకునే అనుమతి కార్డు) ఇస్తున్నారు, కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టుకుంటే. అయినా మన ఇళ్లలో చాలామంది పెట్టుకోరు, అసోసియేషన్‌లో తెలిస్తే ఏమనుకుంటారోనని, రేపు ఆడపిల్ల పెళ్లి సంబంధాలకి అడ్డమని, ఊళ్లో అత్తగారికి చెప్పలేక. బ్యాడ్జ్ లేకుండా పిల్లల బేతో సరిపెట్టుకునేవాళ్లు ఉంటారు. మీరు నవ్వుతూ అన్న ఆ మాట అలాంటి ఇంట్లో ఎంతకాలం ఉండిపోతుందో ఊహించుకోండి. ఇవేవీ కాక, ఆవిడ ఆ రోజు ఉత్తి చిరాకులో ఉండి ఉండొచ్చు, అదీ సాధ్యమే.

అందుకే "బాబుకి ఏమైనా ప్రాబ్లమా అండీ?" అని మాత్రం అడగొద్దు, మీరు ఎంత ప్రేమగా అడిగినా సరే. వాట్సాప్ గ్రూపులో ఈ ప్రస్తావనే తేవద్దు, మధ్యవర్తిని పంపొద్దు, ఇంకొకరి నోటితో వెళ్లే క్షమాపణ వెళ్లేసరికి రంగు మారుతుంది. ఆవిడకి నేరుగా ఒక మెసేజ్ పెట్టండి: "ఆ రోజు షాపులో నేను అలా అనాల్సింది కాదండీ. నా చిరాకు మీమీద చూపించాను. సారీ." అక్కడితో ఆపేయండి, ఆ శనివారం వాన కథ చెప్పకండి, చెబితే అది క్షమాపణ కాకుండా వాదన అవుతుంది. ఆవిడ జవాబు ఇస్తే మంచిదే. ఇవ్వకపోతే నీలం టిక్కులు చూసి టెన్షన్ పడకుండా వదిలేయండి, ఈసారి ఎక్కడైనా కనబడితే మామూలుగా పలకరించండి. ఆవిడ ఇంకా ముఖం తిప్పుకుంటే అది భరించాలి, మాట అన్నది మనం కాబట్టి.

మీవారి గురించి. ఉత్తరంలో ఇది మీరు చివర్లో రెండు వాక్యాల్లో రాశారు, ముక్కూ మొహం తెలియని మనిషి గురించి ఒకటిన్నర పేజీ రాశారు. చూస్తే మిగతా ఇద్దరి మీద మీరు చేసిన ఆరోపణ అచ్చంగా అతికేది ఈయనకే. పిల్లలు లేరు, వాన లేదు, పాలకని వెళ్లారు. చైల్డ్ సీటు ఉందిగా అన్నది వాదన కాదండీ, సీటుకి తలుపు తెరవక్కర్లేదు, పిల్లాడికి తెరవాలి. నేనయితే ఆయన్ని తిట్టను, ఒక్క పని చేయిస్తాను: వచ్చే శనివారం షాపింగ్‌కి ఆయన్నే పంపండి, ఇద్దరు పిల్లలతో, మీరు గానీ అత్తగారు గానీ తోడు లేకుండా. ఇది శిక్షలా కాకుండా ఈ వారం మీ వంతు అన్నట్టు మామూలుగా చెప్పండి. ఒప్పుకుంటే ఆ తలుపు సంగతి ఆయనకి ఒక గంటలో తెలుస్తుంది. ఒప్పుకోకపోతే, ఇంట్లో పిల్లల పని మొత్తం ఒక్కరిమీదే పడుతోందన్న వేరే సంభాషణ మీకు ఎదురుగా ఉంది, దాన్ని పార్కింగ్ పేరుతో కాకుండా దాని పేరుతోనే మొదలుపెట్టండి, అత్తగారు లేనప్పుడు. ఆవిడ ముందు మొదలుపెడితే కొడుకు వైపు వస్తారు, మాట అడ్డం తిరుగుతుంది.

నోటీసు సంగతి తొందరగా తేల్చాలి. మీవారు చెప్పిన 'చెత్తబుట్ట' సలహా పాతది. ఇది పోలీసు ఫైన్ కాదు, క్రిమినల్ కేసు కాదు, అక్కడిదాకా నిజమే. స్థలం వాడుకోవడానికి పెట్టిన షరతు మీరు తప్పారని కంపెనీ అడిగే డబ్బు. కానీ చెల్మ్స్‌ఫర్డ్‌లో ఒక షాపింగ్ పార్కులో ఉచిత సమయం దాటి కారు ఉంచిన ఒకాయన 85 పౌండ్లు కట్టనని సుప్రీంకోర్టుదాకా వెళితే, 2015లో కట్టాల్సిందేనని తీర్పొచ్చింది. 2012 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లో నోటీసు సరిగ్గా పంపితే, డ్రైవర్ ఎవరో చెప్పనప్పుడు ఆ డబ్బు కారు ఎవరి పేరు మీద ఉందో వాళ్ల దగ్గర అడగొచ్చు, అంటే మీ దగ్గర. పట్టించుకోకుండా వదిలేస్తే కౌంటీ కోర్టుకి వెళ్లొచ్చు, అక్కడ తీర్పు మీకు వ్యతిరేకంగా వచ్చి నెలలోపు కట్టకపోతే 6 ఏళ్లు రికార్డులో ఉంటుంది, రేపు ఇల్లు కొనుక్కుందామని మార్ట్‌గేజ్‌కి వెళితే అది మీ పేరు కింద కనబడుతుంది, పాలకని వెళ్లిన ఆయన పేరు కింద కాదు.

మీ ముందున్న దారులు ఇవీ. 14 రోజుల్లో కడితే 40 శాతం తగ్గిస్తారు, 100కి 60 అవుతుంది. లేదా 28 రోజుల్లోపు కంపెనీకి అప్పీలు పెట్టొచ్చు, వాళ్లు కాదంటే కంపెనీ ఏ సంఘంలో సభ్యురాలో దాన్నిబట్టి పోప్లా, ఐఏఎస్ అనే బయటి అప్పీలు సంస్థల్లో ఒకదానికి వెళ్లొచ్చు, పోప్లా ఉచితమే, కాకపోతే అక్కడిదాకా వెళ్లి ఓడిపోతే ఆ తగ్గింపు పోతుంది, మొత్తం 100 కట్టాలి. అప్పీలుకి బలం ఉందో లేదో తేల్చేది ఆ బే దగ్గరున్న బోర్డు. పిల్లలు లేకుండా పెడితే చార్జ్ పడుతుందని అక్కడ స్పష్టంగా, చదవగలిగే సైజులో ఉందా? లేకపోతే ఫొటోలు తీసి అప్పీలు పెట్టండి, అది న్యాయమైన కారణమే. ఉంటే కట్టేయండి. బాబు కారులోనే ఉన్నాడని మాత్రం రాయొద్దు. గస్తీ మనిషి తీసిన ఫొటోల్లో ఖాళీ సీటు ఉంటే పరువు పోతుంది, లేకపోయినా ఆ శనివారం మీరు పడ్డ బాధ మీకు గుర్తుంది కదా.

డబ్బు మీవారి ఖాతాలోంచి పోవాలి, దీనిమీద బేరం లేదు. నోటీసు మీద వేసిన తేదీ నుంచి రోజులు లెక్కపెట్టండి, ఉత్తరం మీ చేతికొచ్చిన రోజు నుంచి కాదు. మీరు నాకు రాసి కొన్ని రోజులు అయింది కాబట్టి, ఇది చదవగానే ముందు ఆ కాగితం తీసి చూడండి, ఆ తెలుగు ఆవిడకి మెసేజ్ ఆ తర్వాత పెట్టొచ్చు.